ఉబ్బిన రబ్బరు

బ్రేక్ ఆయిల్‌కి వాసన ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. కొత్త డబ్బా మూత తిప్పగానే సన్నగా, కొంచెం తియ్యగా, దగ్గుమందు సీసా తెరిచినట్టు ఒక వాసన ముక్కుకు తగిలి పోతుంది. గాలిలోంచి పోతుంది గానీ చేతుల్లోంచి పోదు. రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా సరే, మధ్యాహ్నం చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి మామిడికాయ పులుపు కిందనుంచీ మెంతుల ఘాటు కిందనుంచీ ఆ తీపి వాసన పలకరిస్తుంది. నేను నెల్లూరులో పాత కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. నలభై దాటినదాన్ని, గోళ్ళ కింద నలుపు పోదు, పోవాలని కోరిక కూడా లేదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా మా నాయన చేతులు గుర్తొస్తాయి. వాటి వెనకే ఇంకో మనిషి కూడా గుర్తొస్తాడు. ఆయన్ని మరిచిపోకుండా ఉండటానికి నేను చాలా శ్రద్ధ తీసుకున్నాను.

నా పనిబల్ల సొరుగులో చిన్న స్టీలు డబ్బీ ఒకటి ఉంది. ఒకప్పుడు మా అమ్మ అందులో ఆవాలు పోసుకునేది. ఇప్పుడు అందులో రూపాయి బిళ్ళంత నల్లటి రబ్బరు కప్పు ఉంది. నాకు పదేళ్ళప్పుడు బురదలోంచి ఏరి దాచాను. అప్పుడది మెత్తగా ఉబ్బి, అంచులు వెలికిలా తిరిగి, తేలు కుట్టిన పెదవిలా ఉండేది. పని తెలిసినవాడు ఎవడు చూసినా పడకూడని నూనె పడిందని చెప్పేవాడు. ఎప్పటికైనా సాక్ష్యంగా పనికొస్తుందని దాచాను. ఏళ్ళు గడిచేకొద్దీ అందులోని నూనె ఆరిపోయింది, రబ్బరు కుంచించుకుపోయి గట్టిపడి పగుళ్ళిచ్చింది. ఇప్పుడు చూస్తే అది అన్ని పాత రబ్బర్లలాంటి పాత రబ్బరే. సాక్ష్యం చెప్పే ఓపిక దానికి అయిపోయింది, నాకు అవలేదు.

మాది చిల్లకూరు. హైవే పక్కన రేకుల షెడ్డు, దాని వెనక ఒక గది, గది వెనక అమ్మ పొయ్యి, అదీ మా ఇల్లు. మా నాయన పేరు దావీదు. పగలంతా బియ్యం లారీలు, ఉప్పు లారీలు, మంచుగడ్డలు కరిగి వెనకాల నీళ్ళు కారుస్తూ పోయే రొయ్యల లారీలు. ఆ నీళ్ళు పడిన చోట రోడ్డు మీద ఎండలో ఒక నీచు వాసన లేచేది, అది లేని గాలి ఎలా ఉంటుందో చాలా ఏళ్ళ దాకా నాకు తెలియదు. వేసవిలో రేకులు కాలి చిటపటమనేవి, సాయంత్రం తూర్పుగాలి మొదలైతే అవే రేకులు చల్లబడుతూ ఇంకో రకంగా మోగేవి. వానలు తూర్పునుంచే వచ్చేవి, దసరా దాటాక, తుఫాన్లతో పాటు. సముద్రం మా కంటికి కనపడేంత దగ్గర కాదు గానీ దాని ఉప్పు మాత్రం వచ్చి మా ఇంట్లో కాపురం పెట్టింది. కిటికీ ఊచలు, సైకిలు రిమ్ములు, అమ్మ పిన్నీసులు, అన్నీ తుప్పుపట్టి పొట్టు రాలేవి. వీధిలో పిల్లలు గాజు గోలీలతో ఆడుకుంటే నేను పాత బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లతో ఆడేదాన్ని, ఒక్క దెబ్బకు వాళ్ళ గోలీలు పగిలేవి. అందుకే నన్ను ఆటకు పిలిచేవాళ్ళు కాదు.

మా నాయన లారీలు చేసేవాడు గానీ ఆయన ఇష్టమంతా సన్నపని మీదే. బ్రేకుల్లోనూ క్లచ్చుల్లోనూ ఉండే చిన్న చిన్న సిలిండర్లు, వాటిలో కూర్చునే రబ్బరు కప్పులు. ఆ పని మొదలుపెట్టే ముందు ఆయన బావి దగ్గరకు పోయి ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు, గుడిలో రొట్టె, ద్రాక్షరసం అందుకునే ముందు కూడా అంత శ్రద్ధగా కడుక్కునేవాడు కాదని అమ్మ సాధించేది. కడిగిన చేతులు తుడుచుకోవడానికి అమ్మ పాత తెల్లచీర చెంగు ఒకటి విడిగా ఉండేది, దాన్ని విడిగా ఉతికి విడిగా ఆరేసేవాళ్ళు. పెట్రోలుతో గానీ కిరసనాయిలుతో గానీ గ్రీజు చేత్తో గానీ రబ్బరును ముట్టనిచ్చేవాడు కాదు. కొత్త బ్రేక్ ఆయిల్ గిన్నెలో పోసి, రబ్బర్లు అందులో నానేసి, స్క్రూడ్రైవరు దగ్గరకు రానివ్వకుండా వేళ్ళతోనే వాటి చోట కూర్చోబెట్టేవాడు.

"రబ్బరుకి వేరే నూనె పడదు పాపా. తాగిందంటే ఉబ్బిపోతది. ఉబ్బినాక అది ఎవుర్నీ ఆపలేదు," అనేవాడు.

ఆ ఎర్ర కారు మా షెడ్డుకు వచ్చింది రొయ్యల రోజుల్లో. సముద్రపు వార పొడుగునా పొలాలు గుంటలైపోయి, నిన్నటిదాకా మాతోపాటు సైకిలు తొక్కినవాళ్ళు ఉన్నట్టుండి బంగారు గొలుసులతో కనపడుతున్న కాలం. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన రమణయ్య గారు. మా షెడ్డు ఉన్న జాగా ఆయనదే. మద్రాసులో ఎవరో దొర వదిలిపెట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆయన మోజుపడి కొనుక్కొచ్చాడు. అప్పటికే అది పాతది. ఎంత కిందికి ఉండేదంటే గేదెలు దాన్ని పైనుంచి చూసేవి. చిల్లకూరు నుంచి గుంటల దాకా ఆ గతుకుల్లో దాన్ని నడపడం ఎలా ఉంటుందో గానీ, నడిపే మనిషి మొహంలో మాత్రం ఆ వెలుగు చూడాలి. అప్పుడు నాకు ఆయనంటే ఇష్టం కూడా. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ కారు క్లచ్ తీగతో కాదు, నూనెతో, ఆ బ్రేక్ ఆయిల్‌తోనే పనిచేసేది. అదెలాగో మా నాయన నాకు రెండు పాత ఇంజెక్షను సిరంజీలతో చూపించాడు. రెంటికీ మధ్య సన్న గొట్టం బిగించి, నీళ్ళు నింపి, ఒకదాన్ని నొక్కమన్నాడు. నేను ఇక్కడ నొక్కితే అక్కడ రెండోది దానంతట అది బయటికి వచ్చింది. "నీ కాలి దగ్గర పై సిలిండరు, గేర్ల పెట్టె దగ్గర కింది సిలిండరు. మధ్యలో నూనె. అంతే కారు," అన్నాడు. తరవాత గొట్టంలోకి చిన్న గాలిబుడగ పోనిచ్చి మళ్ళీ నొక్కమన్నాడు. ఈసారి నొక్కినంత రాలేదు. గాలి నలిగిపోతుంది, నీరు నలగదు. ఆ తరవాత చదువుకున్న ఏ చదువులోనూ ఇంత తేలికగా ఏదీ ఎక్కలేదు నాకు.

ఉప్పుగాలికి బ్రేక్ ఆయిల్ తొందరగా చెమ్మ తాగుతుంది, లోపల తుప్పు రేగుతుంది. అందుకని ఏటా వానలకు ముందు రమణయ్య గారి కారు నూనె మార్చి, రబ్బర్లు చూసి, గాలి తీసేవాడు మా నాయన. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు కింద పడుకుని కింది సిలిండరు నుంచి గాలి వదిలే నిపిల్ విప్పి బిగించాలి, ఒకరు పైన పెడల్ తొక్కాలి. పెడల్ నాది. సీట్లో కూర్చుంటే కాలు అందదు కాబట్టి స్టీరింగు పట్టుకుని నిలబడినట్టు జారి, కుడికాలు ఊతంగా పెట్టి, ఎడమకాలితో ఒళ్ళంతా మోపి తొక్కేదాన్ని. "తొక్కు," అని కిందనుంచి గొంతు వచ్చేది. "పట్టుకో." నిపిల్ విప్పగానే పెడల్ కాలికింద మెత్తగా దిగిపోయేది, గాజు సీసాలోకి బుడగలు వచ్చిన చప్పుడు వినపడేది. "వదులు." లోపల గాలి ఉన్నంతసేపూ పెడల్ దానంతట అది లేచేది కాదు, కాలి వేళ్ళు దూర్చి పైకి లాగాలి. తొక్కు, పట్టుకో, వదులు. పదిసార్లకో పన్నెండుసార్లకో పెడల్ గట్టిపడి కాలిని వెనక్కి నెట్టేది. అప్పుడు కిందనుంచి మా నాయన రెంచితో బండి అడుగున రెండుసార్లు కొట్టేవాడు, అయిపోయిందని. వీధిలో పిల్లలు కంచె దగ్గర నిలబడి చూసేవాళ్ళు. ఉక్కు గుండ్లతో గోలీలు పగలగొట్టిన దాని కన్నా అది నాకు పెద్ద గొప్ప.

ఆ ఏడు రబ్బర్లు పూర్తిగా మార్చాల్సి వచ్చింది. మా నాయన తానే మద్రాసు పోయి, అసలు కిట్టు తెచ్చి, రెండు సిలిండర్లకూ కొత్తవి వేశాడు. రెండు నెలలు తిరిగి క్రిస్మస్ దగ్గరపడింది. అమ్మ అరిసెల పాకం పట్టి, మురుకుల పిండి కలిపి పెట్టుకుంది. రమణయ్య గారు ఊరి చివర ఐసు ఫ్యాక్టరీ కట్టించి, దాని ప్రారంభానికి పెద్ద పందిరి వేయించాడు. నెల్లూరు నుంచి పెద్దమనుషులు వచ్చారు. ఆయన ఎర్ర కారులో వచ్చి గేటుకు కట్టిన రిబ్బను ముందు ఆగాలి, ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాలి, అప్పుడు కారు లోపలికి పోవాలి. అంతవరకూ బాగానే జరిగింది. బండిని గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చున్నాడాయన. అతిథి గారు కత్తెర పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ ఉపన్యాసం పూర్తికాకముందే పెడల్ మెల్లిగా కాలికింద దిగిపోయి, కారు ఒక్క గెంతు గెంతి పందిరి గుంజను కొట్టి ఆగిపోయింది. పందిరి గుడ్డ సగం అతిథి గారి నెత్తిన పడింది, లడ్డూల బుట్ట బోర్లాపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాకపోతే అందరూ నవ్వారు. ఆడవాళ్ళు, కూలీలు, ఐసు మోసే వాళ్ళు, అందరూ.

మర్నాడు పొద్దున కారును తాడుకట్టి మా షెడ్డుకు తెచ్చారు. మా నాయన చేతులు కడుక్కుని, పై సిలిండరు విప్పి, కప్పు బయటికి తీశాడు. అది ఉబ్బి ఉంది. నూనె చుక్క వేలికి అంటించుకుని వాసన చూసి నాకూ చూపించాడు. తీపి లేదు. కుళ్ళిన వెల్లుల్లి లాంటి ఘాటు. గేర్ ఆయిల్. అప్పటికి రమణయ్య గారు వచ్చాడు, ఆయన వెనక నలుగురు మనుషులు. పక్కనే ఉన్న టీ అంగడిలో లారీ డ్రైవర్లు, క్లీనర్లు అందరూ లేచి చూస్తున్నారు.

"అయ్యా, దీంట్లో వేరే నూనె పడుండాది," అన్నాడు మా నాయన, రబ్బరు అరచేతిలో పెట్టుకుని.

"నా బండిలో నూనె పోసేది నేను. అంటే తప్పు నాదంటావు?" అన్నాడు రమణయ్య గారు. "డూప్లికేట్ రబ్బర్లేసి నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేసింది కాక, నామీద చెప్తుండావా?"

జాగా ఆయనది. షెడ్డు మాది, కిందనున్న నేల మాది కాదు.

"చెప్పు. ఈళ్ళందరికీ వినపడేట్టు చెప్పు, ఏం చేసినావో."

మా నాయన రోడ్డు వైపు తిరిగి నిలబడి చెప్పాడు. "డూప్లికేట్ రబ్బరు వేసినాను."

"వినపడలా. ఇంకోసారి."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వినపడలేదన్నాడాయన. మూడోసారి చెప్పినప్పుడు లారీలు కూడా ఏవీ పోవడం లేదు, అంత నిశ్శబ్దంలో మా నాయన గొంతు టీ అంగడి దాటి పోయి ఉంటుంది. షెడ్డు వెనక అమ్మ మురుకులు వేస్తోంది. మూడుసార్లూ విన్నది. బాణలిలో మురుకులు నల్లగా మాడిన వాసన ముందుకు వచ్చింది, ఎవరూ తీయలేదు. రమణయ్య గారు మా నాయన చేతిలోని రబ్బరును బురదలోకి విదిలించి కొట్టి వెళ్ళిపోయాడు. నేను దాన్ని ఏరుకున్నాను.

అలా చెప్పినందుకు షెడ్డేమైనా మిగిలిందా అంటే అదీ లేదు, సంక్రాంతి లోపల ఖాళీ చేయించాడు. హైవే మీద మాట లారీ ఎక్కి పోతుంది. డూప్లికేట్ దావీదు అనే పేరు మేము సముద్రపు వారనున్న జువ్వలదిన్నెకు చేరకముందే అక్కడికి చేరింది. అక్కడ పడవల ఇంజన్లు చేసేవాడు మా నాయన. ఇనప పని ఎంతైనా చేసేవాడు గానీ రబ్బరు పని మాత్రం మళ్ళీ ముట్టలేదు. తెల్లచీర చెంగు అమ్మ పెట్టెలోనే ఉండిపోయింది. స్కూల్లో నన్ను డూప్లికేట్ అని పిలిచారు, కొందరి పళ్ళు కదిలేలా కొట్టాను కూడా. ఆదివారం గుడిలో అందరితోపాటు ప్రార్థన చెప్పేటప్పుడు, ఇతరులను క్షమించే మాట వచ్చిన చోట నేను నోరు మూసుకునేదాన్ని. మొదటిసారి మూసుకున్నప్పుడు పక్కన మా నాయన గొంతు వినపడింది, ఆయన ఆ మాట చెబుతున్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆ మాట నేను ఇంతవరకూ చెప్పలేదు.

నేను ఈ పనే నేర్చుకుంటానన్నప్పుడు పెద్దవాళ్ళు ఆడపిల్లకు ఎందుకన్నారు. చెన్నైలో పాత కార్లు చేసే ఒక ముసలాయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసి, నెల్లూరు వచ్చి షెడ్డు పెట్టాను. పాత కారు ఉన్నవాళ్ళు ఈ జిల్లాలో ఎక్కువమంది లేరు, వాళ్ళలో ఎవరి బండి చెడినా వెనకో ముందో నా దగ్గరికే రావాలి. ఆ లెక్క వేసుకునే పెట్టాను. ఓపిగ్గా కూర్చున్నాను.

పోయిన వేసవిలో వచ్చింది. లారీ మీద ఎక్కించి తెచ్చారు. ఎరుపు వెలిసి ఇటుక రంగు తిరిగింది, బంపరు మీద ఉప్పు తిన్న మచ్చలు. వెనకే ఆటోలో రమణయ్య గారు దిగాడు. జబ్బులొచ్చి రొయ్యల గుంటలు చాలావరకు పోయాయనీ, ఉన్న రెండు గుంటలూ తానే చూసుకుంటున్నాడనీ వినే ఉన్నాను. మనిషి సగమయ్యాడు, కర్ర పట్టుకున్నాడు. నిలబడలేకపోతుంటే నేనే ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి వేశాను. ఆదివారం బెంగుళూరు నుంచి ఎవరో కొనే ముందు బండి చూసుకోవడానికి వస్తున్నారట, క్లచ్ పడటం లేదట, పెడల్ నేలకు పోతోందట. నన్ను గుర్తుపట్టలేదు.

బానెట్ ఎత్తి, క్లచ్ నూనె పోసే చిన్న డబ్బా మూత తిప్పాను. కుళ్ళిన వెల్లుల్లి.

ఆ ఘాటుకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే అబద్ధం. నవ్వొచ్చింది. లోపలికి పోయి ఫోన్ తీసి ఇంట్లో ఉన్న అమ్మకు చేశాను. "మాట్లాడొద్దు, విను," అని చెప్పి, ఫోను అలాగే తెచ్చి పనిబల్ల మీద, ఆయన కుర్చీ పక్కన పెట్టాను. తరవాత పై సిలిండరు విప్పి, కప్పు తీసి గుడ్డలో పట్టుకుని వచ్చాను. ఉబ్బి, అంచులు వెలికిలా తిరిగి ఉంది.

"దీంట్లో ఏం ఆయిల్ పోస్తుంటారు సార్?" అన్నాను.

"ఏరేటర్లకి తెచ్చేదే," అన్నాడాయన. గుంటలో నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాల యంత్రాలు అవి, వాటి పెట్టెల్లో పోసేది గేర్ ఆయిలే. "చిక్కగా ఉంటది, గట్టి ఆయిల్. ఈ నీళ్ళలాంటి ఆయిల్ మీద నాకు నమ్మకం లేదు. ఐసు ఫ్యాక్టరీ కట్టిన ఏటి నుంచి తగ్గినప్పుడల్లా నేనే పోసుకుంటుండా. అయినా ఎంతమంది మెకానిక్కులు చూసినారు ఈ బండిని, అందరూ డూప్లికేట్ రబ్బర్లేసేటోళ్ళే."

"వినపడలా," అన్నాను. "ఇంకోసారి."

నాకు చెవుడనుకున్నట్టున్నాడు, గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. నా దగ్గర పనిచేసే మస్తాన్‌ను పిలిచాను. అతను ముప్పై దాటిన మెకానిక్కు, నాకన్నా తెలివైనవాడు. పక్క బండి కోసం వచ్చిన ఇద్దరు కూడా అక్కడే ఉన్నారు.

"వీళ్ళక్కూడా చెప్పండి సార్, తెలుసుకుంటారు."

"ఏరేటర్ ఆయిల్ పోసింది నేనే. అప్పట్నించీ," అన్నాడాయన, కొంచెం గర్వంగా. మస్తాన్ నోరు తెరిచి నావైపు చూశాడు.

మూడుసార్లు అయ్యాయి. అప్పుడు చెప్పాను. "మాది చిల్లకూరు. నేను దావీదు కూతుర్ని."

"ఏ దావీదు?" అన్నాడు.

నటన కాదది. ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను ఈ రోజును, భయపడతాడనీ, కసురుతాడనీ, ఏడుస్తాడనీ కూడా. మా నాయన ఆయనకు గుర్తే లేడని ఊహించలేదు. ఐసు ఫ్యాక్టరీ చెప్పాను, రిబ్బను చెప్పాను, పందిరి చెప్పాను. అప్పుడు ఆయన మొహంలో ఏదో కదిలింది. "ఆ పందిరా," అన్నాడు. "అందరూ నవ్వినారు." కర్ర నేలకు ఆన్చి, "మెకానిక్కు ఎవురో ఉండె," అన్నాడు. నేను సొరుగులోని డబ్బీ తెచ్చి, ఎండిన రబ్బరును ఒక అరచేతిలోనూ, ఉబ్బిన రబ్బరును ఇంకో అరచేతిలోనూ పెట్టాను. ఒకటి మా నాయన వేసింది, ఒకటి ఎవరో పేరు తెలియని మెకానిక్కు వేసింది, రెంటినీ పాడుచేసింది మీరు, అన్నాను. చాలాసేపు చూశాడు. క్షమించమని అడగలేదు.

"అయితే బండి చెయ్యవా?" అన్నాడు.

చేస్తానన్నాను. రెండు రోజులు పట్టింది. గొట్టాలన్నీ విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఊది ఆరబెట్టాను. ఉబ్బిన హోస్ పైపు పారేసి కొత్తది వేశాను. సిలిండర్ల లోపలి గోడలు వేలితో తడిమి, గీత పడిన చోట సన్నగా నునుపు చేశాను. ఎర్ర సబ్బు ఇప్పుడు ఎక్కడా దొరకదు, ఏదో ద్రవం పంపు నొక్కి మోచేతుల దాకా కడుక్కున్నాను. రెండో రోజు ఉదయం కొత్త రబ్బర్లు గిన్నెలో నానుతుంటే, పక్కనే గేర్ ఆయిల్ డబ్బా ఉంది. ఒక్క చెంచా చాలు. ఆదివారం బండి బాగానే నడుస్తుంది, అమ్ముడుపోతుంది, నెలలోపల బెంగుళూరు రోడ్డు మీద ఆగుతుంది, కొన్నవాళ్ళు తిరిగొచ్చి ఈయన్ని పదిమందిలో నిలబెడతారు. డబ్బా మూత తీశాను కూడా. మళ్ళీ పెట్టేశాను. మంచితనం ఏమీ కాదు. ఆ చెంచాడు నూనె పోస్తే ఆ పేరు నిజమయ్యేది, అంతే. దావీదు ఇంట్లో డూప్లికేట్ పని చేసిన మొదటి మనిషిని నేనయ్యేదాన్ని.

అయినా ఊరికే వదల్లేదు. గాలి తీయడానికి రమణయ్య గారినే పెడల్ తొక్కమన్నాను. ఆ కింది సీట్లోకి దిగడానికే మస్తాన్ పట్టుకోవాల్సి వచ్చింది. నేను బండి కింద పడుకుని నిపిల్ పట్టుకుని, "తొక్కండి," అన్నాను. "పట్టుకోండి. వదలండి." మోకాలి నొప్పికి ఆయన మూలుగు పైనుంచి వినపడుతోంది. పన్నెండుసార్లకే సీసాలో బుడగలు ఆగిపోయాయి. "అక్కా, గాలి పోయింది గదా," అన్నాడు మస్తాన్ వంగి చూసి. "ఇంకా ఉండాది," అన్నాను. నలభైసార్లు తొక్కించాను. లెక్కపెట్టి మరీ తొక్కించాను. అది చేసినందుకు ఈ రోజుకూ నాకు సిగ్గుగా లేదు.

బండి ఇచ్చే ముందు పరీక్షగా నేనొక్కదాన్నే నడుపుకుంటూ గూడూరు దాటి చిల్లకూరు దాకా పోయాను. క్లచ్ వెన్నలా పడుతోంది. ఆ టీ అంగడి ముందు ఆగి, ఉన్నవాళ్ళెవరికైనా చెప్పాలని నా ఆశ. రోడ్డు నాలుగు వరసలై, మా షెడ్డు ఉన్న చోట పైనుంచి వంతెన పోతోంది. దాని కింద నీడలో రెండు ఆటోలు, ఒక కొబ్బరి బోండాల బండి. బావి పూడ్చేశారు. ఐసు ఫ్యాక్టరీ గోడ ఒకటి నిలబడి ఉంది, దాని మీద ఎవరిదో ప్రకటన. బోండాల ఆయన్ని అడిగితే, టీ అంగడా, ఈడ ఎప్పుడూ లేదే అన్నాడు. డూప్లికేట్ దావీదు అనే మాట విన్నారా అని అడిగాను. వినలేదట. ముప్పై ఏళ్ళుగా నేను తుడిచెయ్యాలనుకున్న పేరును ఎవరూ పలకడం లేదు, అమ్మా నేనూ తప్ప. బోండం నీళ్ళు తాగి వెనక్కి వచ్చాను.

రాత్రికి ఇంటికి పోయేసరికి అమ్మ చింతకాయలు దంచుతోంది. ఆ రోజు ఫోన్‌లో విన్న మాట గురించి రెండు రోజులుగా ఆమె ఏమీ అనలేదు, నేనే ఉండబట్టలేక అడిగాను.

"విన్నావు గదమ్మా. మూడుసార్లు చెప్పించినా."

"విన్నా," అంది. రోకలి ఆపలేదు. ఇంకో నాలుగు దెబ్బలు వేసి అడిగింది. "నిలబడి చెప్పినాడా, కూర్చోనా?"

"కూర్చోనే. పెద్దాయన, నిలబళ్ళేకపోయినాడు. కుర్చీ ఏసినా."

అమ్మ రోకలి పక్కన పెట్టింది. చేతికంటిన పులుపు చెంగుకు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"మీ నాయనకి ఎవురేసినారు కుర్చీ?"